ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఎక్కువ కట్టిన రెంట్ వెనక్కి రాబట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు మారేవాళ్ళు అడిగే డౌట్లు తిప్పితిప్పి అవే, మనుషులు మారతారంతే. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, ముందువి చదవకపోయినా అర్థమవుతుంది. చట్టం దేశానికో రకంగా ఉంటుంది కాబట్టి అవసరమైన చోట దేశం పేరు చెప్పాను, మిగతాదంతా ఎక్కడైనా పనికొచ్చే లెక్కే. మొత్తం పెద్దదైతే మాత్రం ఒకసారి లాయర్‌ని కలవండి.

## అసలు ఎక్కువ కట్టానా లేదా అని చూసుకునేటప్పుడు

ఎక్కువ కట్టిన రెంట్ అంటే ఏంటి? అడ్వాన్స్ కూడా అందులోకే వస్తుందా?

రాదు. సగం గొడవలు ఈ మాట దగ్గరే మొదలవుతాయి, ఎందుకంటే మనం డిపాజిట్‌నీ అడ్వాన్స్ అంటాం, ముందుగా కట్టిన రెంట్‌నీ అడ్వాన్సే అంటాం. డిపాజిట్ అంటే ఇల్లు పాడుచేసినా బాకీ పెట్టి పోయినా పనికొస్తుందని ఓనర్ దగ్గర ఉంచిన మన డబ్బు, దాంట్లోంచి న్యాయమైన కోతలు పెట్టుకోవచ్చు. ఎక్కువ కట్టిన రెంట్ అంటే మనం ఉండని రోజులకో, అగ్రిమెంట్లో లేని రేటుకో, ఒకే నెలకి రెండుసార్లో పోయిన డబ్బు. పొరపాటున రెండోసారి పడిన రెంట్‌కీ గోడకి కొట్టిన మేకుకీ ఏ సంబంధమూ లేదు. అందుకే ఓనర్‌తో మాట్లాడేటప్పుడు "అడ్వాన్స్" అనే మాటే మానేసి ఒకదాన్ని డిపాజిట్ అనండి, రెండోదాన్ని ఎక్కువ పడిన రెంట్ అనండి, రెండింటికీ వేర్వేరు అంకెలు చెప్పండి. కలిపి ఒకే అంకె చెప్పారా, పెయింటింగ్ ఖర్చులో రెండూ కలిసి కొట్టుకుపోతాయి.

నాకు అనుమానమే తప్ప గ్యారంటీ లేదు, ఎలా తేల్చుకోవాలి?

ఒక షీట్ తీసి నెలకో వరస రాయండి: ఆ నెలకి అగ్రిమెంట్ ప్రకారం ఎంత కట్టాలి, నిజంగా ఎంత కట్టారు, తేడా ఎంత. మొదటి నెల నుంచి చివరి నెల దాకా ఒక్కటి కూడా వదలకుండా రాయాలి, గుర్తున్న నెలలు మాత్రమే రాస్తే ఏదో ఒక నెల తక్కువ కట్టింది ఓనరే బయటకి తీస్తాడు, అప్పుడు మన మాటకి విలువ పోతుంది. కట్టిన కాలమ్ బ్యాంక్ స్టేట్‌మెంట్ చూసే నింపండి, జ్ఞాపకం మీద వద్దు. తేడాలు ఎక్కువగా దొరికే చోట్లు: దిగిన మొదటి నెల సగం రోజులే ఉండి పూర్తి రెంట్ కట్టడం, పెంపు అమల్లోకి రాకముందే కొత్త రేటు పంపడం, చేతికి క్యాష్ ఇచ్చిన నెల అకౌంట్‌లోంచి కూడా పోవడం, మెయింటెనెన్స్ రెంట్‌లోనే కలిసి ఉన్నా విడిగా కట్టడం, ఖాళీ చేసిన నెల. కూడి తీసివేస్తే చివర్లో వచ్చే అంకే మీరు అడగాల్సింది, అందులో మీరు తక్కువ కట్టిన నెలలు కూడా నిజాయితీగా పోవాలి.

అగ్రిమెంట్లో ఏటా ఐదు శాతం పెంపు అని ఉంది, ఓనర్ చెప్పిన రేటు ఎక్కువనిపిస్తోంది, నిజమేనా?

కావచ్చు. ఐదు శాతం అంటే దేని మీద అన్నదే ప్రశ్న. ఉదాహరణకి మొదటి రెంట్ 18,000 అనుకోండి. ప్రతిసారీ మొదటి రెంట్ మీదే పెంచితే 18,900, తర్వాత 19,800, ఆ తర్వాత 20,700. పెరిగిన రెంట్ మీద మళ్ళీ పెంచుకుంటూ పోతే 18,900, 19,845, 20,837. ఇక్కడ ఓనర్ "రౌండ్ చేసేద్దాం" అని 21,000 అన్నారనుకోండి, చక్రవడ్డీ లెక్కలో చూసినా నెలకి 163 ఎక్కువే, ఏడాదికి 1,950 దాటుతుంది. అగ్రిమెంట్లో "అప్పటి రెంట్ మీద" లాంటి మాట ఉంటే రెండో లెక్క, "మొదటి రెంట్ మీద" అని ఉంటే మొదటి లెక్క. ఏమీ రాయకపోతే, మీరు అభ్యంతరం చెప్పకుండా రెండేళ్ళు కట్టేసి ఉంటే, ఆ రేటుకి మీరు ఒప్పుకున్నట్టే అని ఓనర్ అంటాడు, దాన్ని తిప్పికొట్టడం కష్టమే.

బ్యాంక్‌లో ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ ఆపడం మర్చిపోయా, ఖాళీ చేశాక కూడా రెంట్ పోయింది. బ్యాంక్ వెనక్కి ఇస్తుందా?

మామూలుగా ఇవ్వదు. ఆ ట్రాన్స్‌ఫర్ పెట్టింది మీరే కాబట్టి బ్యాంక్ దృష్టిలో తప్పేం జరగలేదు, మహా అయితే అవతలి బ్యాంక్‌కి రిక్వెస్ట్ పంపుతుంది, డబ్బు అందుకున్న మనిషి సరే అంటేనే తిరిగొస్తుంది. కాబట్టి ముందు ఆ ట్రాన్స్‌ఫర్ క్యాన్సిల్ చేయండి, ఈ లైన్ చదవడం ఆపేసి ఇప్పుడే చేయండి, ఆ తర్వాత ఓనర్‌కి రాయండి. నాకు ఇలా వరసగా రెండు నెలలు పోయింది, మొదటి నెల పోయిందని తెలిసి కూడా "వీకెండ్‌లో చూద్దాం" అనుకున్న నా బద్ధకానికి రెండో నెల ఫైన్. వచ్చేసింది గానీ నాలుగు నెలలు పట్టింది. మంచి విషయం ఏంటంటే, రికవరీ కేసుల్లో ఇదే అన్నిటికంటే తేలిక, అద్దెకాలం అయిపోయాక పడిన డబ్బుకి ఓనర్ ఏ కారణమూ చూపలేడు.

## లెక్క వేసేటప్పుడు

నెల మధ్యలో ఖాళీ చేస్తున్నా, మిగిలిన రోజుల రెంట్ ఎలా లెక్కేయాలి? ఓనర్ లెక్కా నా లెక్కా కలవట్లేదు

ఇద్దరిదీ కరెక్టే అయ్యుండొచ్చు. రోజు రెంట్ కట్టడానికి మూడు పద్ధతులున్నాయి, మూడూ మూడు జవాబులిస్తాయి. రెంట్ 18,000, నెలకి 31 రోజులు, మీరు 12న తాళాలిచ్చారు, మిగిలింది 19 రోజులు అనుకుందాం.

ఆ నెలలో ఉన్న రోజులతో భాగిస్తే రోజుకి 580.65, అంటే 19 రోజులకి 11,032. ఏడాది రెంట్‌ని 365తో భాగిస్తే రోజుకి 591.78, 19 రోజులకి 11,244. నెలకి 30 రోజులు అనే మోటు లెక్కలో రోజుకి 600, ఇది చూడ్డానికి సులువు గానీ 31 రోజుల నెలలో ఇదే పెద్ద చిక్కు: మిగిలిన 19 రోజులకి గుణిస్తే 11,400 వస్తుంది, అదే ఉన్న 12 రోజుల 7,200 తీసేసి మిగతాది ఇమ్మంటే 10,800 వస్తుంది. ఒకే పద్ధతి, 600 తేడా! ఓనర్ రెండోది వేస్తాడు, మనం మొదటిది వేస్తాం, ఇద్దరం అవతలివాడు మోసం చేస్తున్నాడనుకుంటాం.

అగ్రిమెంట్లో పద్ధతి రాసి ఉంటే అదే ఫైనల్. రాయకపోతే, మీరు దిగిన నెలలో ఓనర్ మీ దగ్గర ఏ లెక్కన తీసుకున్నాడో చూడండి, అప్పుడు వాడిన పద్ధతినే ఇప్పుడూ వాడమనడం కంటే బలమైన వాదన లేదు. అదీ లేకపోతే ఆ నెల రోజులతో భాగించే పద్ధతి అడగండి, ఎవరికైనా న్యాయంగానే కనిపిస్తుంది. రెండొందల కోసం నెల రోజులు కొట్లాడొద్దు.

మా రెంట్ నెల ఒకటిన కాకుండా 7న మొదలవుతుంది, దీనికి వేరే లెక్కా?

లెక్క అదే, కాకపోతే మీ "నెల" 7 నుంచి తర్వాతి 6 దాకా. నెలాఖరుకి ఖాళీ చేశాను కదా అంతా సరిపోయింది అనుకుంటారు చాలామంది, 1 నుంచి 6 దాకా ఆరు రోజులు మీరు ముందే కట్టేసి ఉంటారు. ఎవరూ అడగని డబ్బు ఇదే.

సామాను 10న పోయింది, తాళాలు 13న ఇచ్చా, రెంట్ ఏ రోజు దాకా?

13 దాకా అని ఓనర్ అంటే తప్పు పట్టలేం, తాళాలు మీ దగ్గరున్నంతసేపు ఇల్లు మీ చేతిలో ఉన్నట్టే. అయితే 10నే తాళాలు ఇస్తానని మీరు రాసి, ఓనర్ ఊళ్ళో లేక 13న తీసుకుంటే ఆ మూడు రోజులు మీ మీద వెయ్యడం న్యాయం కాదు. ఆ మెసేజ్ దాచుకోండి.

ముందే కట్టిన రెంట్‌లో ఉండని రోజులకి డబ్బు తిరిగి రావడం నా హక్కేనా?

అందరూ అవునని అనుకుంటారు, అందుకే ఈ కేసు చెప్తున్నా. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ కంపెనీ ఒక ఆఫీసు లీజుని మధ్యలో ముగించే క్లాజ్ వాడుకుని 2012 జనవరి 24న ఖాళీ చేసింది, కానీ రెంట్ మూడు నెలలకోసారి ముందుగా కట్టాలి కాబట్టి 2011 డిసెంబర్ 25 నుంచి మొదలయ్యే మొత్తం క్వార్టర్‌కీ (మూడు నెలలకీ) ముందే కట్టేసింది. మిగిలిన రెండు నెలల రెంట్ వెనక్కి ఇమ్మని వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2015లో కోర్టు ఇవ్వక్కర్లేదని తేల్చింది. కారణం చాలా సింపుల్, తిరిగి ఇవ్వాలని లీజులో ఎక్కడా రాయలేదు, ఇంత పెద్ద డాక్యుమెంట్లో రాయనిదాన్ని మేము ఊహించి కలపం అంది కోర్టు.

అంత పెద్ద కంపెనీకే, అంతమంది లాయర్లు ఉండి కూడా ఒక్క లైన్ లేక డబ్బు పోయింది. కాబట్టి మీరు మధ్యలో వెళ్ళిపోయే పరిస్థితి ఉంటే, ఆఖరి రెంట్ కట్టకముందే "ఫలానా తారీఖున ఖాళీ చేస్తున్నాను, ఆ తర్వాతి రోజుల రెంట్ తిరిగి ఇస్తారు కదా" అని రాసి ఓనర్ చేత సరే అనిపించుకోండి. ఇంకా మంచిది ఏంటంటే ఆ నెల ఉన్న రోజులకి మాత్రమే కడతానని ముందే మాట్లాడుకోవడం, వెళ్ళని డబ్బుని రాబట్టుకోవాల్సిన పనుండదు కదా. మీ ఊరి అద్దె చట్టంలో దీనికి విడిగా రూల్ ఉంటే అది మీకు అదనపు బలం.

## ఖాళీ చేసే ముందు, తాళాలిచ్చే రోజు

నోటీసు పూర్తి కాకుండానే వెళ్ళిపోయా, నా తర్వాత వారానికే కొత్తవాళ్ళు దిగారు. ఓనర్ ఇద్దరి దగ్గరా రెంట్ తీసుకోవచ్చా?

నోటీసు కాలం రెంట్ మీరు కట్టాల్సిందే, అందులో ఎక్కువ కట్టింది ఏం లేదు. కానీ ఓనర్ ఇల్లు వేరేవాళ్ళకి ఇచ్చేశాడంటే మీ అద్దె ముగిసిందని ఆయన కూడా ఒప్పుకున్నట్టే కదా, కొత్తవాళ్ళు దిగిన రోజు నుంచి మీ రెంట్ ఆగాలి అనేది గట్టి వాదన, ఒకే గదికి ఒకే రోజుకి రెండు రెంట్లు ఏంటని అడగొచ్చు. దీనికి కావాల్సింది వాళ్ళు దిగిన తారీఖు. పక్కింటివాళ్ళనో, కొత్తవాళ్ళనో మర్యాదగా అడిగితే చెప్తారు. కొత్తవాళ్ళని వెతికిన బ్రోకర్ ఖర్చు మీ మీద వేస్తానని ఓనర్ అనొచ్చు, అగ్రిమెంట్లో ఉంటే ఒప్పుకోండి.

ఎలాగూ ఎక్కువ కట్టాను కదా, చివరి నెల రెంట్ కట్టకుండా సరిపెట్టేస్తే?

ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకుంటే అంతకంటే హాయి లేదు. ఒప్పుకోకుండా మీకు మీరే సరిపెట్టుకుంటే మాత్రం రికార్డులో మీరు బాకీదారు అవుతారు, అదే సాకుతో డిపాజిట్ ఆపేస్తాడు, కొన్ని అగ్రిమెంట్లలో ఎలాంటి మినహాయింపూ లేకుండా రెంట్ కట్టాలని ప్రత్యేకంగా రాసి ఉంటుంది. ఎక్కువ పడిందని ఇద్దరికీ తెలిసిన, గొడవ లేని మొత్తానికి మాత్రమే ఈ దారి.

తాళాలిచ్చే రోజు ఓనర్ ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు, పెట్టొచ్చా?

చదివి పెట్టండి. "లెక్కలన్నీ తేలిపోయాయి, ఇక ఇచ్చిపుచ్చుకునేది ఏమీ లేదు" లాంటి లైన్ ఉంటే, రెంట్ డబ్బు చేతికి రాకుండా పెట్టొద్దు, లేదా దాని కిందే "ఎక్కువ పడిన రెంట్ ఇంత ఇంకా రావాలి" అని రాసి పెట్టండి. లారీవాడు కింద హారన్ కొడుతూ ఉంటాడు, పిల్లలు ఏడుస్తుంటారు, ఓనర్ పెన్ను చేతిలో పెడతాడు, సరిగ్గా అప్పుడే జరుగుతుంది ఇది.

## ఓనర్‌ని అడిగేటప్పుడు

ఫోన్ చేసి అడగనా, రాసి అడగనా? ఏం రాయాలో కూడా తెలీట్లేదు

ముందు ఫోన్ చేయండి, పెద్దాయన అయితే మరీను, నేరుగా నోటీసు భాషలో మెసేజ్ వస్తే ఎవరికైనా కోపం వస్తుంది. ఫోన్ పెట్టేసిన వెంటనే అదే విషయం రాతలో పంపండి. ఇలా ఉంటే చాలు:

"అంకుల్, నమస్తే. ఇందాక మాట్లాడుకున్నట్టు, మేము 12న ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకిచ్చాం. ఆ నెల రెంట్ 18,000 ఒకటినే పంపాను. 13 నుంచి 31 దాకా 19 రోజులకి 11,032 తిరిగి రావాలి. నెలవారీ లెక్క షీట్, బ్యాంక్ స్టేట్‌మెంట్ పంపుతున్నాను, ఒకసారి చూసి తేడా ఉంటే చెప్పండి. ఈ నెల 30 లోపు ఇదే అకౌంట్‌కి పంపగలరు. డిపాజిట్ సంగతి విడిగా మాట్లాడుకుందాం."

అంకె, తారీఖు, గడువు, ఆధారం, ఇవి నాలుగూ ఉండాలి. పాత కోపాలు, వాటర్ ట్యాంక్ గొడవ, వాళ్ళబ్బాయి పార్కింగ్, ఇవేవీ వద్దు, ఈ మెసేజ్ రేపు మూడో మనిషి చదవొచ్చు.

ఓనర్ ఇవ్వనని అనట్లేదు, ఇస్తానని కూడా అనట్లేదు, "చూద్దాంలే" అంటూ నెలలు గడిపేస్తున్నాడు

ఇవ్వనని మొహం మీద చెప్పే ఓనర్‌తోనే నయం. "చూద్దాం"కి మందు చిన్న ప్రశ్న: "లెక్క ఒప్పుకున్నట్టేనా అండీ, డబ్బు సర్దుబాటు కావడమే ఆలస్యమా?" అని రాసి అడగండి. అవును అన్నాడంటే బాకీ ఒప్పుకున్న రాత మీ చేతిలో ఉన్నట్టే, తర్వాత రెండు మూడు వాయిదాల్లో తీసుకోవడానికి మీరు కూడా ఒప్పుకోవచ్చు. లెక్క తప్పంటే ఏ నెలలో తప్పో చెప్పమనండి. రెండూ చెప్పకపోతే గడువు పెట్టి రెండోసారి, చివరిసారి అని చెప్పి మూడోసారి రాయండి. నాలుగోసారి వద్దు.

"ఆ డబ్బు ఖర్చయిపోయింది, ఇప్పుడెక్కడ్నించి తేను" అంటున్నాడు, దానికేమనాలి?

ఖర్చయిపోయిందంటే బాకీ పోయినట్టు కాదు. ఇండియాలో 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 72 ఈ విషయం సూటిగానే చెప్తుంది, పొరపాటున గానీ బలవంతం మీద గానీ ఇచ్చిన డబ్బు అందుకున్నవాళ్ళు తిరిగి ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో మాత్రం, అది తనదే అని నిజంగా నమ్మి, ఆ నమ్మకంతోనే మామూలుగా చెయ్యని ఖర్చు చేసినవాళ్ళకి కొంత రక్షణ ఉంది, కానీ ఇంటి ఖర్చులకి వాడేశానంటే అది వర్తించదు. నిజంగానే చేతిలో లేకపోతే వాయిదాలు అడగడం మర్యాద.

"తెలిసే కట్టావు కదా, అప్పుడు మాట్లాడలేదేం?" అంటే?

ఇది ఓనర్ వైపు నుంచి వచ్చే బలమైన మాట. కట్టక్కర్లేదని తెలిసి కూడా నోరెత్తకుండా కడితే దాన్ని పొరపాటు అనడం కష్టం. అదే "ఇప్పటికి కడుతున్నాను గానీ ఈ పెంపుకి నేను ఒప్పుకోవట్లేదు" అని అప్పుడే ఒక మెసేజ్ పెట్టి ఉంటే కథ వేరు. ఇంకా ఉంటున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆ మెసేజ్ ఈరోజే పెట్టండి.

రెంట్ అంతా క్యాష్‌లోనే ఇచ్చా, రసీదులు లేవు

కష్టమే గానీ అయిపోలేదు. ప్రతి నెలా ఒకే తారీఖుల్లో అకౌంట్‌లోంచి తీసిన క్యాష్, "రెంట్ ఇచ్చేశా అంకుల్", "అందింది బాబూ" లాంటి మెసేజ్‌లు, ఇచ్చేటప్పుడు పక్కనున్న మనిషి, ఇవన్నీ కలిస్తే ఒక బొమ్మ వస్తుంది. ఏ నెలకి ఏదుందో నెలవారీ లెక్క షీట్‌లో పక్కనే రాయండి, ఏమీ లేని నెలని క్లెయిమ్‌లోంచి తీసేయడమే మంచిది, ఒక్క బలహీనమైన నెల మిగతా పదకొండింటినీ లాగేస్తుంది.

## ఇవ్వనంటే

ఎన్నేళ్ళ లోపల అడగాలి? నాకు ఇప్పుడే తెలిసింది, కట్టింది ఎప్పుడో

ఇండియాలో 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి డబ్బుకి మామూలుగా మూడేళ్ళు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆరేళ్ళు, స్కాట్లండ్‌లో ఐదేళ్ళు. పొరపాటు వల్ల కట్టినదైతే ఇండియాలోనూ ఇంగ్లండ్‌లోనూ గడువు మీరు కట్టిన రోజు నుంచి కాకుండా ఆ పొరపాటు తెలిసిన రోజు నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి మొదలవుతుంది. ఈ రెండో ముక్క గమనించండి, స్టేట్‌మెంట్ చూసి ఉంటే అప్పుడే తెలిసేది కదా అని అవతలి లాయర్ తప్పకుండా అంటాడు. ఇండియాలో ఇంకో వెసులుబాటు, గడువు దాటకముందే ఓనర్ బాకీ ఉందని రాసి సంతకం పెడితే అక్కడ్నించి గడువు మళ్ళీ మొదలవుతుంది.

ఇంత చిన్న మొత్తానికి కోర్టుకి వెళ్ళాలా?

నేరుగా వద్దు. ముందు లాయర్ చేత నోటీసు పంపిస్తే చాలామంది అక్కడే దిగొస్తారు. ఇండియాలో కేసు వెయ్యకముందే లీగల్ సర్వీసెస్ అథారిటీ ద్వారా లోక్ అదాలత్‌కి తీసుకెళ్ళొచ్చు, ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ (అమలు చేయించుకోగల తీర్పు) అంత విలువ ఉంది, కాకపోతే ఓనర్ కూడా రావాలి, ఒప్పుకోవాలి. ఇంగ్లండ్ లాంటి చోట్ల చిన్న మొత్తాల కోసం విడిగా పద్ధతి ఉంది, లాయర్ లేకుండా మనమే నడుపుకోవచ్చు. ఏ దారిలో వెళ్ళినా మీ నెలవారీ లెక్క షీట్, డబ్బు అడుగుతూ ఓనర్‌కి రాసిన మూడు మెసేజ్‌లు, అగ్రిమెంట్ కాపీ, స్టేట్‌మెంట్, ఈ నాలుగే చూస్తారు. రావాల్సిన మొత్తం నోటీసు ఖర్చు కంటే తక్కువైతే వదిలేయడం కూడా తెలివైన పనే, అందులో సిగ్గేం లేదు.

## కాస్త వేరే కేసులు

మేము ముగ్గురు రూమ్మేట్స్, డబ్బు ఎవరికి వస్తుంది?

ఓనర్ దృష్టిలో అగ్రిమెంట్ మీద పేరున్నవాళ్ళు అందరూ కలిపి ఒక్కరే. ఒకడి అకౌంట్‌కి పంపి చేతులు దులుపుకుంటాడు, ఆ తర్వాత గొడవ మీలో మీకే. అందుకే అడిగే మెసేజ్‌లోనే ఎవరి అకౌంట్‌కి పంపాలో ముగ్గురూ ఒప్పుకున్నట్టు రాయండి.

మధ్యలో ఇల్లు అమ్మేశారు, పాత ఓనర్‌ని అడగాలా కొత్త ఓనర్‌నా?

డబ్బు ఎవరి అకౌంట్‌లో పడిందో వాళ్ళనే ముందు అడగండి. అమ్మిన తర్వాత కూడా పాతాయనకే రెంట్ పోతూ ఉంటే, కొత్తాయన బాకీ అంటున్నాడేమో చూసుకోండి, అప్పుడు మీకు ఓనర్ మారాడని ఏ రోజు చెప్పారన్నదే కీలకం. చెప్పకముందు నిజంగా తెలియక పాతాయనకి కట్టింది కట్టినట్టే లెక్క.

ఓనర్ చనిపోయారు, వాళ్ళ పిల్లలు మాకు తెలీదంటున్నారు

బాకీ ఆయనతో పోదు, ఆయన ఆస్తి తీసుకున్నవాళ్ళు ఆ ఆస్తి మేరకి తీర్చాలి. కానీ దినాలు కూడా అవ్వకముందే లెక్క షీట్ పట్టుకుని వెళ్ళకండి, కొన్నాళ్ళు ఆగి, ఆస్తి వ్యవహారాలు ఎవరు చూస్తున్నారో కనుక్కుని వాళ్ళకి రాయండి.

రెంట్ ఏజెంట్‌కి కట్టేదాన్ని, ఇప్పుడు ఏజెంట్ ఓనర్ అంటాడు, ఓనర్ ఏజెంట్ అంటాడు

ఓనర్ తరఫున తీసుకోమని పెట్టిన ఏజెంట్‌కి కడితే ఓనర్‌కి కట్టినట్టే, కాబట్టి మామూలుగా జవాబుదారీ ఓనర్‌దే. ఒకే మెసేజ్ ఇద్దరికీ కలిపి పంపండి, విడివిడిగా పంపితే ఈ బంతాట ఆగదు. ఏజెంట్ ఓనర్‌కి డబ్బు పంపిన రుజువు అడగండి, అది చూపించలేకపోతే ఓనరే మీ తరఫున ఏజెంట్ మీద పడతాడు.

నా రెంట్ కంపెనీ కట్టేది, ఎక్కువ పడింది నాకు వస్తుందా?

ఎవరి జేబులోంచి పోయిందో వాళ్ళకే రావాలి. ఓనర్ మీ చేతికిచ్చినా కంపెనీకి చెప్పండి, ఆడిట్‌లో బయటపడితే రెంట్ కంటే పెద్ద తలనొప్పి. జీతంలో కోసి కట్టి ఉంటే మాత్రం అది మీదే, పే స్లిప్ చూపించి తీసుకోండి.